క్లబ్బు హక్కు, దేశం జెర్సీ: వర్ధమాన హాకీ ఆటగాళ్లపై పాఠకుల ప్రశ్నలు

చెన్నై, మదురై నగరాల్లో 2025 నవంబరు 28 నుంచి డిసెంబరు 10 వరకు జూనియర్ ప్రపంచ కప్ హాకీ జరిగినప్పటి నుంచి ఈ శీర్షికకు హాకీ మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడినవి కొన్ని ఉన్నందున, ఈ సంచికలో వాటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా పెద్దబ్బాయి కుటుంబం టొరంటోలో స్థిరపడింది. పన్నెండేళ్ల మా మనవడికి అక్కడి మేపుల్ లీఫ్స్ అనే ఐస్ హాకీ జట్టంటే ప్రాణం. క్రిస్మస్ సెలవుల్లో ఫోన్ చేసినప్పుడల్లా "తాతా, మా టీమ్ పిల్లలు వేరే వేరే దేశాలకు ఆడుతున్నారు" అంటాడు. ఒక జట్టు వాళ్లు ఇంకో జట్టుకు, అదీ పరాయి దేశానికి ఎలా ఆడతారో నాకు అంతుపట్టలేదు. హాకీ అంటే ధ్యాన్‌చంద్ అని మాత్రమే తెలిసిన వాణ్ని. మనవడితో సరిసమానంగా మాట్లాడగలిగేలా వివరించండి.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

సమాధానం: మాస్టారూ, మనవడితో మాట్లాడటం కోసం ఈ వయసులో ఒక కొత్త ఆటను తెలుసుకోవాలనుకుంటున్న మీకు నమస్కారం. మీ సందేహం చాలా సరైనది. మన దగ్గర ఒక జట్టు ఆటగాడు అంటే ఆ జట్టు బట్టలు వేసుకుని మైదానంలోకి దిగేవాడని అర్థం. అక్కడ మాత్రం జట్టు బట్టలు ఇంకా ఒక్కసారి కూడా వేసుకోని కుర్రాడిని సైతం "మా వాడు" అంటారు, అలా అనడానికి వాళ్లకు రాతపూర్వకమైన హక్కు కూడా ఉంటుంది.

మంచుగడ్డ మీద ఆడే ఈ ఐస్ హాకీకి ఉత్తర అమెరికాలో ఉన్న నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఏటా వేసవిలో, పద్దెనిమిదేళ్లు నిండిన లేదా నిండబోతున్న కుర్రాళ్లను ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. ఏడు విడతల్లో మొత్తం 224 మందిని ఎంచుకుంటారు. అంతకుముందు ఏడాది వెనకబడిన జట్లకు ముందు వంతు దొరికే అవకాశం ఉంటుంది, అందువల్ల గొప్ప ఆటగాళ్లంతా ధనిక జట్ల పాలబడకుండా కొంతవరకు ఆగుతుంది. ఎంపికైన కుర్రాడు మర్నాడే వచ్చి పెద్దలతో ఆడడు. నిశ్చయ తాంబూలాలు పుచ్చుకున్నారు గాని ముహూర్తం ఇంకా పెట్టలేదన్నట్టుగా ఉంటుంది అతని పరిస్థితి. వేరే జట్టు అతనితో ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు, కాని అతను మాత్రం తన పాత చోటనే ఉండి ఆట నేర్చుకుంటూ ఉంటాడు. కెనడా కుర్రాడైతే ఎక్కువగా అక్కడి జూనియర్ లీగుల్లో ఆడతాడు, అమెరికా కుర్రాడు సాధారణంగా కళాశాల జట్టుకు ఆడతాడు, స్వీడన్, ఫిన్లాండ్ కుర్రాళ్లు తమ దేశపు క్లబ్బుల్లో ఒక్కోసారి తమకంటే పదిహేనేళ్లు పెద్దవాళ్ల సరసన ఆడుతుంటారు. అంటే మీ మనవడి జట్టుకు చెందిన పిల్లలు ఏ రోజున చూసినా నాలుగైదు దేశాల్లో చెల్లాచెదురుగా ఉంటారన్నమాట.

ఇక క్రిస్మస్ సెలవుల సంగతి. ఇరవై ఏళ్లలోపు ఆటగాళ్లకు అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఏటా ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ నిర్వహిస్తుంది. అధికారికంగా 1977లో మొదలైన ఈ పోటీ మామూలుగా డిసెంబరు 26న ప్రారంభమై జనవరి 5తో ముగుస్తుంది, అగ్రశ్రేణిలో పది దేశాలు ఆడతాయి. జట్టును ఎంపిక చేసేది ఆ దేశపు సమాఖ్య. క్లబ్బుకు ఆ ఎంపికతో సంబంధం లేదు. కనుక ఒకే క్లబ్బు ఎంచుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఆ పది రోజులు ఎవరి దేశం జెర్సీ వాళ్లు వేసుకుని ఎదురెదురుగా నిలబడవచ్చు.

మీ మనవడి జట్టు నుంచే ఒక ఉదాహరణ చెబుతాను, ఇది నా మనసులో నిలిచిపోయిన ఉదాహరణ. 2020 డ్రాఫ్ట్‌లో మేపుల్ లీఫ్స్ తమ మొదటి ఎంపికగా, మొత్తం మీద 15వ స్థానంలో, రొడియన్ అమిరోవ్ అనే రష్యా కుర్రాణ్ని తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో 64వ స్థానంలో ఫిన్లాండ్‌కు చెందిన టోపి నియెమెలా అనే రక్షణ ఆటగాణ్ని ఎంచుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రపంచ జూనియర్ పోటీ కోవిడ్ కారణంగా కెనడాలోని ఎడ్మంటన్‌లో ప్రేక్షకులు లేకుండా జరిగింది. 2021 జనవరి 5న కాంస్య పతకం కోసం ఫిన్లాండ్, రష్యా తలపడగా, ఫిన్లాండ్ 4–1తో గెలిచింది. ఆ పోటీలో ఉత్తమ రక్షణ ఆటగాడి బహుమతి నియెమెలాకే దక్కింది. ఖాళీ కుర్చీల మధ్య ఒకే క్లబ్బు కుర్రాళ్లలో ఒకడు పతకం అందుకుంటుంటే మరొకడు ఓడి నిలబడ్డాడు. టొరంటోలోని అభిమానులు మాత్రం ఆ ఇద్దర్నీ తమవాళ్లుగానే చూసుకున్నారు. ఏదో ఒకనాడు ఇద్దరూ నీలిరంగు జెర్సీలో కలిసి ఆడతారని వాళ్ల ఆశ. ఆ రోజు రాలేదు. అమిరోవ్‌కు మెదడులో కణితి ఉన్నట్టు 2022లో బయటపడింది. 2023 ఆగస్టులో, 21 ఏళ్ల వయసులో, లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతను కన్నుమూశాడు. పాత స్కోరుకార్డులో ఆ మ్యాచ్ చూసినప్పుడల్లా, అభిమానులు అతణ్ని క్లబ్బు జెర్సీలో కన్నా దేశం జెర్సీలోనే ఎక్కువగా చూశారన్న సంగతి గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. మీ మనవడు ఇంకాస్త పెద్దవాడయ్యాక అతని గురించి అడిగి చూడండి, తప్పకుండా తెలిసే ఉంటుంది.

ప్రశ్న: అలా దేశం తరఫున ఆడేటప్పుడు కుర్రాడికి దెబ్బ తగిలితే నష్టం క్లబ్బుదే కదా? మరి ఎందుకు పంపుతారు?
— చిరు వ్యాపారి, శ్రీకాళహస్తి

సమాధానం: నష్టం నిజంగా క్లబ్బుదే. జూనియర్ లీగుల్లోనో, సొంత దేశంలోనో ఆడుతున్న కుర్రాడు వెళ్లడానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు. కాని అప్పటికే క్లబ్బు ప్రధాన జట్టులో ఆడుతూ జీతం తీసుకుంటున్న పంతొమ్మిదేళ్ల వాణ్ని పంపాలా వద్దా అనేది క్లబ్బు ఇష్టం. చాలాసార్లు పంపరు కూడా. చికాగో బ్లాక్‌హాక్స్ 2019లో మూడో స్థానంలో ఎంచుకున్న కర్బీ డాక్ ఒక ఏడాది పెద్దల జట్టులో ఆడిన తర్వాత కూడా, అప్పటికి లీగ్ సీజన్ మొదలు కాకపోవడంతో, 2020 డిసెంబరులో కెనడా జూనియర్ జట్టుకు ఆడేందుకు అనుమతి పొందాడు. కెప్టెన్‌గా కూడా నియమితుడయ్యాడు. అసలు పోటీ మొదలుకాక ముందే, డిసెంబరు 23న రష్యాతో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో అతని మణికట్టు విరిగింది. శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ ఆటలోకి దిగడానికి మార్చి దాకా పట్టింది. ఇది చూసి, పంపకపోవడమే మేలని వాదించేవాళ్లున్నారు. నేను ఆ వాదనతో ఏకీభవించను. ఆ వయసు కుర్రాడికి పెద్దల జట్టులో రాత్రికి పది నిమిషాల ఆట దొరకడమే గగనం. దేశం జట్టులోనైతే కీలకమైన క్షణాల్లో అతనే బరిలో ఉంటాడు, తన తప్పుకు తానే జవాబు చెప్పుకుంటాడు. ఆ అనుభవం క్లబ్బు డబ్బు పెట్టి కొనగలిగింది కాదు.

ప్రశ్న: జూనియర్ ప్రపంచ పోటీల్లో రాణించిన ప్రతివాడినీ "రేపటి సూపర్ స్టార్" అంటూ ఆకాశానికెత్తుతున్నారు. ఓడిన జట్టులోని కుర్రాణ్ని మర్నాడే పనికిరానివాడని తేల్చేస్తున్నారు. ఈ పోటీలు నిజంగా భవిష్యత్తును చెబుతాయా?
— డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

సమాధానం: తమ్ముడూ, ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ స్థలం తీసుకుంటాను, ఎందుకంటే పిల్లల ఆట చూసే పెద్దవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

కొందరి విషయంలో ఈ పోటీలు నిజమే చెబుతాయి. కానర్ బెడార్డ్ అనే కెనడా కుర్రాడు 2023 ప్రపంచ జూనియర్ పోటీలో ఏడు మ్యాచ్‌ల్లో 9 గోల్స్ కొట్టి, 14 గోల్స్‌కు సాయపడ్డాడు. కెనడా స్వర్ణం గెలిచింది. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో చికాగో అతణ్ని అందరికంటే ముందుగా ఎంచుకుంది, మరుసటి ఏడాది ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం కూడా అతనికే దక్కింది. అయితే ఆ సీజన్‌లో అతని జట్టు పట్టికలో అడుగు నుంచి రెండో స్థానంలో మిగిలిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పద్దెనిమిదేళ్ల వాడు ఎంత గొప్పవాడైనా ఒక్కడే జట్టును మోయలేడు.

ఇప్పుడు ఈస్టన్ కోవన్ సంగతి చూడు. మేపుల్ లీఫ్స్ 2023లో 28వ స్థానంలో ఎంచుకున్న కుర్రాడతను. 2024లోనూ, 2025లోనూ కెనడా జూనియర్ జట్టులో ఆడాడు. రెండుసార్లూ కెనడా క్వార్టర్ ఫైనల్లోనే చెక్ జట్టు చేతిలో ఓడింది, ఒకసారి 3–2తో, ఇంకోసారి 4–3తో. రెండోసారి ఓటమి సొంతగడ్డ అట్టావాలో జరిగింది. జూనియర్ హాకీని పండుగలా చూసే దేశంలో ఆ ఓటమి ఎంత చేదుగా ఉంటుందో ఊహించుకో. ఆ పోటీ ఒక్కటే చూసినవాళ్లు అతణ్ని ఓడిన జట్టు కుర్రాడిగానే గుర్తుంచుకుంటారు. కాని ఐదు నెలలు తిరగకముందే, తన జూనియర్ క్లబ్బు (కెనడాలోనే ఉన్న లండన్ నగరపు) లండన్ నైట్స్ కెనడా జూనియర్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన మెమోరియల్ కప్ గెలిచినప్పుడు, ఆ పోటీలో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచింది అతనే. జనవరిలో ఉన్నదీ జూన్‌లో ఉన్నదీ ఒకే కుర్రాడు, ఒకే చేతులు. తేడా అంతా మనం చూసిన వారంలో ఉంది.

అసలు ఎవరి కంటా పడనివాళ్ల సంగతి ఇంకా గొప్పది. పావెల్ డాట్సుక్ పేరు రెండేళ్లు డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. 1998లో డెట్రాయిట్ 171వ స్థానంలో తీసుకుంది. మరుసటి ఏడాది అదే క్లబ్బు హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ స్థానంలో తీసుకుంది. 2008లో డెట్రాయిట్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆ జట్టుకు ఈ ఇద్దరే ఆయువుపట్టు, ఆ ఏడాది కప్పు కోసం సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు జెటర్‌బర్గ్. వందల మంది అనుభవజ్ఞులు కళ్లు పెట్టి చూసి కూడా పక్కన పెట్టిన కుర్రాళ్లు వీళ్లు. పదిహేడేళ్లకే మీసం మొలిచి భుజాలు పెరిగినవాడు మైదానంలో ముందు కనిపిస్తాడు, ఇరవై రెండేళ్లకు ఒళ్లు నిండేవాడు అప్పటికి కనిపించడు. ఎంపిక చేసేవాళ్ల నిజాయితీలో లోపం లేకపోయినా ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

మన దేశం హాకీకి వద్దాం. 2016 డిసెంబరు 18న లక్నోలో బెల్జియంను 2–1తో ఓడించి మన కుర్రాళ్లు జూనియర్ ప్రపంచ కప్ గెలిచారు. ఫైనల్లో గుర్జంత్ సింగ్, సిమ్రన్‌జీత్ సింగ్ చెరో గోల్ కొట్టారు. హరేంద్ర సింగ్ శిక్షణలో ఆడిన ఆ జట్టులోని హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, వరుణ్ కుమార్ కూడా తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం వచ్చిందంటే దాని వేళ్లు లక్నోలోనే ఉన్నాయని ధైర్యంగా చెప్పవచ్చు. కాని ఇందులోనే రెండు సంగతులు నువ్వు గమనించాలి. లక్నోలో కప్పు అందుకున్న కెప్టెన్ హర్జీత్ సింగ్ ఒలింపిక్స్ దాకా రాలేదు. సిమ్రన్‌జీత్ టోక్యోకు వెళ్లింది మొదట అదనపు ఆటగాడిగానే. కోవిడ్ కారణంగా నిబంధనలు సడలించడంతో మైదానంలోకి దిగే అవకాశం దొరికింది. 2021 ఆగస్టు 5న జర్మనీపై 5–4తో గెలిచిన కాంస్య పతక మ్యాచ్‌లో ఆ అదనపు ఆటగాడే రెండు గోల్స్ కొట్టాడు. ఇద్దరూ ఒకే జట్టు, ఒకే శిక్షకుడి చేతికింద ఆడినవాళ్లు, ఒకే రోజున విజేతలు. ఆ రోజు వాళ్లను చూసిన ఎవరైనా ఈ రెండు దారుల్ని ఊహించగలిగేవారా?

కాబట్టి నా అభిప్రాయం ఇది. జూనియర్ ప్రపంచ పోటీలో గోల్స్ లెక్కపెట్టడం కన్నా, గోల్ ఇచ్చుకున్న తర్వాతి ఐదు నిమిషాల్లో కుర్రాడు ఏం చేస్తున్నాడో చూడటం మేలు. బంతి అడుగుతున్నాడా, దాక్కుంటున్నాడా? తోటివాడి మీద చేతులు ఎగరేస్తున్నాడా, వెనక్కి పరుగెత్తి వస్తున్నాడా? నేను అదే చూస్తాను.

ప్రశ్న: చెన్నైలో మన జట్టుకు వచ్చిన కాంస్యాన్ని విజయం అనుకోవాలా? సెమీ ఫైనల్లో జర్మనీ చేతిలో 5–1తో ఓడాం కదా?
— రైల్వే ఉద్యోగి, రేణిగుంట

సమాధానం: జర్మనీ చేతిలో ఓటమిని దాచిపెట్టుకోవలసిన అవసరం లేదు. ఆ జట్టు ఫైనల్లో స్పెయిన్‌ను, స్కోరు సమమైనప్పుడు విజేతను తేల్చే షూటౌట్‌లో ఓడించి ఎనిమిదోసారి జూనియర్ ప్రపంచ కప్ గెలిచింది, మనం ఇప్పటికి గెలిచింది 2001లో హోబర్ట్‌లోనూ, 2016లో లక్నోలోనూ రెండుసార్లే. 2021లో భువనేశ్వర్‌లోనూ 2023లో కౌలాలంపూర్‌లోనూ నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం. తొలిసారి 24 జట్లు ఆడిన పోటీలో తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన పతకం ఇది.

ఆ డిసెంబరు 10న నేను తిరుపతి నుంచి ఉదయం రైలెక్కి చెన్నై వెళ్లి, ఎగ్మోర్‌లోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో అర్జెంటీనాతో మన కాంస్య పతక మ్యాచ్ చూశాను. అర్జెంటీనా మూడో నిమిషంలోనే గోల్ కొట్టింది, 44వ నిమిషంలో రెండోది కూడా పడింది. చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి 0–2. నా ముందు వరుసలో ఒక తండ్రి పిల్లల బ్యాగు సర్దుకుని లేవబోతుంటే, ఎనిమిదేళ్ల కూతురు అతని చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. 49వ నిమిషంలో పెనాల్టీ కార్నర్‌కు (ఎదుటివాళ్ల తప్పుకు గోల్ గీత నుంచి బంతిని బయటికి నెట్టి గోల్‌కు ప్రయత్నించే అవకాశం) అంకిత్ పాల్ కర్ర తగిలించి బంతిని లోపలికి మళ్లించాడు, 52వ నిమిషంలో మన్మీత్ సింగ్ కూడా అలాగే చేశాడు. 57వ నిమిషంలో పెనాల్టీ స్ట్రోక్‌కు శారదానంద్ తివారీ నిలబడ్డాడు. నీలి టర్ఫ్ మీద తెల్లటి చుక్క, దాని మీద బంతి, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల రొద వినిపించేంత నిశ్శబ్దం. అతను తొందరపడలేదు. బంతి గూట్లో పడింది. మరుసటి నిమిషంలో అన్మోల్ ఎక్కా పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మార్చడంతో 4–2. పది నిమిషాల్లో నాలుగు గోల్స్. గోల్ ఇచ్చుకున్న తర్వాత కుర్రాడు ఏం చేస్తాడో చూడాలని పై జవాబులో రాసింది ఆ రోజు కళ్లారా చూసినదాన్ని మనసులో పెట్టుకునే.

పారిస్ ఒలింపిక్స్‌తో ఆట ముగించిన గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేష్ ఆ పోటీలో ఈ కుర్రాళ్లకు శిక్షకుడు. బెల్జియంతో క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ ప్రిన్స్‌దీప్ సింగ్ నిలబడ్డ తీరు చూస్తే, గోల్‌కీపర్ శిక్షకుడుగా ఉన్న జట్టుకు ఆ లాభం ఎక్కడ చేకూరుతుందో అర్థమైంది. జర్మనీ ఎదుట మాత్రం మన మధ్య వరుస చెదిరింది. ఎదుటివాళ్లు వేగంగా మీదికి వచ్చినప్పుడు బంతిని కాపాడుకునే నేర్పు ఇంకా రావాలి. అది పెద్దవాళ్లతో ఆడితేనే వస్తుంది.

ప్రశ్న: మన తెలుగువారి జట్టు హైదరాబాద్ తూఫాన్స్‌లో కుర్రాళ్లకు చోటు ఉంటుందా? లేక పేరున్న విదేశీయులతోనే నింపేస్తారా?
— హాకీ అభిమాని, తిరుచానూరు

సమాధానం: హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017తో ఆగిపోయింది. ఏడేళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరు 28న మళ్లీ మొదలైంది. అప్పుడు పురుషుల జట్లు ఎనిమిది. ఒక్కో జట్టులో 24 మంది ఉండాలని, వారిలో ఎనిమిది మంది విదేశీయులు పోను మిగిలిన భారతీయుల్లో కనీసం నలుగురు జూనియర్లు ఉండి తీరాలని నిబంధన పెట్టారు. అంటే కుర్రాళ్లకు చోటివ్వడం జట్టు యజమానుల దయ కాదు, నియమం. అమెరికా ఖండపు లీగ్‌లో మాదిరి ఇక్కడ డ్రాఫ్ట్ లేదు, వేలం ఉంది. అందువల్ల కుర్రాణ్ని పదిహేడేళ్లప్పుడు గుర్తించి నాలుగైదేళ్లు ఓపికపట్టి పెంచే సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు. సీజన్ కూడా నెల రోజులు మాత్రమే.

తూఫాన్స్ విషయానికొస్తే, సుమిత్ నాయకత్వంలో ఆ జట్టు 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3తో ఓడింది. లక్నోలో జూనియర్ కప్పు గెలిచిన జట్టులోని సుమితే ఇతను. అదే జట్టులో గొంజాలో పెయా ఉన్నాడు. 2016లో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం, 2023లో జర్మనీకి ప్రపంచ కప్ గెలిపించిన డ్రాగ్‌ఫ్లిక్ (పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరే దెబ్బ) నిపుణుడు. జూనియర్ జట్టు నుంచి వచ్చిన అమన్‌దీప్ లాక్రా కూడా డ్రాగ్‌ఫ్లిక్ కొట్టేవాడే. పెయా బంతి దగ్గరికి ఎన్ని అడుగులు వేస్తాడో, కర్ర వంపులో బంతిని ఎంతసేపు ఈడ్చుకెళ్తాడో, వదిలే ముందు నడుమును ఎలా తిప్పుతాడో, రోజూ సాధనలో పక్కన నిలబడి చూసే భాగ్యం ఆ కుర్రాడికి దొరికింది. మ్యాచ్‌లో దొరికిన నిమిషాల కన్నా నాకు ఇదే విలువైనదిగా కనిపిస్తుంది. అయితే నిబంధన కోసం నలుగురిని కొని బల్ల మీద కూర్చోబెట్టే ప్రమాదం ఏ జట్టులోనైనా ఉంది. జట్టులో ఎంతమంది జూనియర్లు ఉన్నారన్నది కాక, మైదానంలో ఎన్ని నిమిషాలు ఉన్నారన్నది నియమం కావాలని నా కోరిక. 2017 నుంచి 2024 దాకా లీగ్ లేకపోవడం వల్ల ఒక తరం కుర్రాళ్లు ఇలాంటి సాంగత్యానికి నోచుకోలేదు. ఆ లోటు ఇప్పట్లో పూడదు.

ప్రశ్న: జూనియర్ అంటే ఎన్నేళ్లు? ఒకచోట 20 అని, మరోచోట 21 అని చదివాను.
— పాఠకురాలు, పుత్తూరు

సమాధానం: రెండూ నిజమే. ఐస్ హాకీలో 20 ఏళ్లలోపు, మన హాకీలో 21 ఏళ్లలోపు. చెన్నై పోటీకి 2004 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు అర్హులు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి ప్రోత్సాహంతో రెండేళ్లుగా హాకీ ఆడుతోంది, గోల్‌కీపర్. "మన పల్లెల నుంచి ఎవరు పోయినారు ఇండియాకు" అని బంధువులు ఎగతాళి చేస్తున్నారు. జూనియర్ జట్టు దాకా దారి ఉందా? నేను ఏం చేయాలి?
— ఒక తల్లి, పలమనేరు

సమాధానం: అమ్మా, మీ బంధువులకు ఒక్క పేరు చెప్పండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఇతిమరపు రజని మీ అమ్మాయిలాగే గోల్‌కీపర్. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రజతం గెలిచిన భారత జట్టులో సవితతో పాటు ఉన్న రెండో గోల్‌కీపర్ ఆమే. టోక్యో ఒలింపిక్స్‌కు జట్టుతో పాటు అదనపు గోల్‌కీపర్‌గా వెళ్లింది. గోల్‌కీపర్ జీవితం అలాంటిది. జట్టులో ఆ చోటు ఒక్కటే, దాని కోసం ఏళ్ల తరబడి పక్కన సిద్ధంగా నిలబడాలి. ఇది మీ అమ్మాయికి ముందే తెలిస్తే, తనను పక్కన పెట్టిన రోజున కుంగిపోదు.

దారి ఉంది. పాఠశాలల పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాల్లో జరుగుతాయి, ఆ తర్వాత రాష్ట్రం తరఫున సబ్ జూనియర్, జూనియర్ జాతీయ పోటీలున్నాయి, జాతీయ శిబిరానికి పిలుపు వచ్చేది సాధారణంగా వాటిలో ఆటను చూసే. అమ్మాయిలకు కూడా 21 ఏళ్లలోపు జూనియర్ ప్రపంచ కప్ ఉంది. 2013లో జర్మనీలోని మోన్షెన్‌గ్లాడ్‌బాక్‌లో మన అమ్మాయిలు ఇంగ్లండ్‌ను షూటౌట్‌లో ఓడించి కాంస్యం తెచ్చారు. తర్వాత భారత జట్టుకు కెప్టెన్ అయిన రాణి రాంపాల్ ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణి.

ఇబ్బంది ఎక్కడంటే, మన బళ్లలో ఎక్కువగా ఉన్నవి మట్టి మైదానాలు. అంతర్జాతీయ హాకీ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి కృత్రిమ టర్ఫ్ మీదికి మారిపోయింది. మట్టి మీద బంతి గులకరాయికి తగిలి ఎటు లేస్తుందో తెలియదు కాబట్టి గోల్‌కీపర్ ఒంటిని అడ్డం పెట్టడం నేర్చుకుంటుంది. తడిపిన టర్ఫ్ మీద బంతి తిన్నగా, ఎంతో వేగంగా దూసుకొస్తుంది, అక్కడ పాదంతో బంతిని ఏ వైపుకు పంపాలన్నది ముఖ్యం. మొదటిసారి టర్ఫ్ మీద ఆడే మన పిల్లలు సగం మ్యాచ్ ఆ వేగానికి అలవాటు పడటంలోనే పోగొట్టుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వేసవి సెలవుల్లో ఒక్క రెండు వారాలైనా టర్ఫ్ ఉన్న చోట శిబిరంలో చేర్పించగలిగితే ఎంతో మేలు. అప్పటిదాకా ఇంటి దగ్గర గోడకు టెన్నిస్ బంతిని కొట్టి, తిరిగివచ్చే బంతిని కుడి పాదంతో కుడికి, ఎడమ పాదంతో ఎడమకు పంపే సాధన రోజుకు ఇరవై నిమిషాలు చేయించండి.

మరో రెండు మాటలు. హెల్మెట్, ఛాతీ కవచం, కాళ్ల ప్యాడ్లు, బూట్ల మీది కిక్కర్లు లేకుండా ఎవరు చెప్పినా గూటి ముందు నిలబడనివ్వకండి. ప్యాడ్లు బడికి ఒక్క జతే ఉంటే, అవి మీ అమ్మాయి కాళ్లకు సరిపోతున్నాయో లేదో మీరే ఒకసారి వెళ్లి చూడండి. పెద్దవాళ్ల ప్యాడ్లు వేసుకున్న పిల్ల మోకాలు వంచలేదు, వంచలేని పిల్లకు దెబ్బ తగులుతుంది. రెండోది, జనన ధ్రువపత్రం, బడి రికార్డు, ఆధార్ ఈ మూడింటిలో పుట్టినతేదీ, ఇంటిపేరు, అక్షరాలతో సహా ఒకేలా ఉన్నాయా అని ఈ నెలలోనే సరిచూసుకోండి. బాగా ఆడే ఒక అమ్మాయి మా కాలంలో జిల్లా ఎంపికల నాడు ఈ ఒక్క కారణంతో వెనక్కి తిరిగి వచ్చింది. సాయంత్రం బస్టాండులో ప్యాడ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మండల కార్యాలయంలో సవరణకు కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి, తేడా ఏమైనా కనిపిస్తే పోటీల ప్రకటన వచ్చేదాకా ఆగకండి.